అడవి విడుదులు – ఇల్లాలి సెలవు

దసరా సెలవులు సమీపించుచున్నవి. అడవులలో కుటీరములు కట్టి కుటుంబములను ఆహ్వానించు విడుదులు ఇటీవల విరివిగా వెలసినవి గదా, పిల్లాపాపలతో అచటికి పోవుట మేలా, లేక ఆ సొమ్ముతో ఏ తిరుపతికో కాణిపాకమునకో పోయివచ్చుట మేలా యని పలువురు సోదరీమణులు మమ్ము అడిగినారు. మా యభిప్రాయము ముందుగనే చెప్పివేసెదము. పోవుట మేలే. కాని అచట పొయ్యి రాజేయువా రెవరో తెలిసికొనక బయలుదేరరాదు.

మా తనకల్లు కదిరికిని మదనపల్లెకును నడుమ, పెద్దబాట మీద నున్న యూరు. చుట్టును ఎఱ్ఱనేలలు, వేరుసెనగ చేలు, బండగుట్టలు. వానలు కురిసిన యేడు కన్నులపండువుగా నుండును. కురియని యేడు ఆ గుట్టలవైపు చూచుటకే దప్పిక పుట్టును. ఇచటి పిల్లలకు అరణ్య మనునది పుస్తకములోని మాట మాత్రమే. మా యింటివారు బడిలో 'దట్టమైన అడవి' యని పాఠము చెప్పినపుడు పిల్లలు గుట్టమీది తంగేడు పొదలను తలచుకొందురట! అట్టి బిడ్డలకు ఆకాశము కనబడనంత చెట్లగుంపు నొకసారి చూపవలెనని తల్లిదండ్రులకు తోచుట సహజము.

ఉపాధ్యాయుల యింట ఒక సౌకర్యము కలదు. తండ్రికిని బిడ్డలకును సెలవులు ఒక్కమారే వచ్చును. ఆ సౌకర్యమే వంటయింటికి చిక్కు. రెండుమారులు కాచు కాఫీ నాలుగుమారులు కాచవలెను. పగటివేళ డబ్బాలలో పోవలసిన యన్నము విస్తళ్లలోనికి వచ్చును. అందరును ఇంట నున్నారని ఓళిగలు, బొబ్బట్లని పేరులు మార్చి ఒకే పిండివంటను రెండుమారులు చేయించుకొందురు. సెలవు లన్నియు ముగిసి బడి తెఱచిననాడు ఊపిరి పీల్చుకొను ఇల్లాండ్రు ఎందరో మాకు తెలియును. కావున అడవి విడిది కుటుంబమునకు విరామమా యని అడుగువారు, కుటుంబమున ఎవరికి విరామ మని కూడ అడుగవలసియున్నది.

ఈ అడవి గ్రామముల పద్ధతికి పాశ్చాత్యులు పెట్టిన రూపము చెప్పుకొనదగినది. 1968లో హాలెండు దేశమున ఆటసామగ్రి వర్తకుడు పీట్ డెర్క్సెన్ అనునతడు పట్టణవాసుల కొరకై అడవిలో చిన్న చిన్న యిండ్లు కట్టించి అద్దెకిచ్చుట మొదలిడెను. ఆ పద్ధతి బాగుగా సాగి, 1987లో ఇంగ్లండునకును పాకి, షేర్‌వుడ్ అడవిలో అట్టి గ్రామ మొకటి వెలసెను. కారులను వెలుపల నిలిపి, లోపల కాలినడకనో సైకిళ్ల మీదనో తిరుగుదురు. వానయైనను చలియైనను పిల్లలు ఈదులాడుటకు కప్పుగల వెచ్చని కొలను లుండును. అంతయు బాగుగనే యున్నది. అయితే ఆ యిండ్లలో వంటగది కూడ నుండును! కుటుంబమువారే వండుకొని తినవచ్చునట. ఇల్లు మారినది గాని పొయ్యి మారలేదని మాకు తోచినది.

మన పురాణములలో అరణ్యవాసము చేసిన యిల్లాండ్రకు కొదువ లేదు. సీతమ్మవారు భర్త వలదన్నను వినక వనమునకు పోయినది. అచట పర్ణశాల కట్టినవాడు లక్ష్మణుడు. గునపమును గంపయు పట్టి కందమూలములు తెచ్చెదనని ముందుగనే మాట యిచ్చినవాడును అతడే. ద్రౌపది సంగతి వేఱు. ధర్మరాజునకు సూర్యుడు అక్షయపాత్ర నిచ్చెను గదా, ఇంక ఆమెకు శ్రమ యేమని పురుషులు అందురు. ఆ పాత్ర నియమము చూడుడు. ద్రౌపది భుజించువరకే అది అన్నమిచ్చును. అనగా అతిథులు, బ్రాహ్మణులు, అయిదుగురు భర్తలు అందరును తిన్న పిమ్మటగాని ఆమె తినరాదు. ఆమె తిని పాత్ర కడిగిన పిదప దుర్వాసుడు శిష్యసమేతముగా వచ్చినపుడు ఆమె పడిన దిగులు, వేళగానివేళ చుట్టములు వచ్చిన ప్రతి యిల్లాలికిని తెలిసినదే. అందరికి దొరకిన మఱదులు లక్ష్మణుని వంటివారు కారు. మనలో ఎక్కువమంది అడవికి పోయినచో ద్రౌపదివలెనే పోవుదుము.

ఇది మేము ఊహించి చెప్పుమాట కాదు. పోయిన సంవత్సరము బంధువులతో కలిసి ఒకానొక ప్రైవేటు విడిదికి పోయితిమి. దాని పేరు మనకు అవసరము లేదు. గ్యాసుపొయ్యి, గిన్నెలు సహా కుటీర మిచ్చెదమని వారు గొప్పగా చెప్పిరి. పదునొకండుగురము పోతిమి. పురుషులును పిల్లలును కొలనులో జలకములాడిరి. మేము ముగ్గురు స్త్రీలము మొండికత్తితో ఉల్లిపాయలు తరుగుచు, మాడిన గిన్నెలు తోముచు రెండు దినములు గడపితిమి. రాత్రి పన్నెండు గంటలవరకు పాటలపెట్టె హోరు. ఆ చుట్టుపట్ల పక్షి యొక్కటియు నిలువలేదన్న వింత యేమున్నది! తిరిగివచ్చిన పిమ్మట పిల్లలు 'ఎంత బాగుండెనో!' అనిరి. మేము నడుమునకు తైలము రాచుకొంటిమి.

ఇట్టిది వేఱు, అడవి నెఱిగినవారు నడపు విడిది వేఱు. మన రాష్ట్రమున అటవీశాఖవారు గిరిజనులతో కలిసి నడపు శిబిరములు కొన్ని కలవు. తూర్పున మారేడుమిల్లి చెంత వాలమూరు వద్ద వన సంరక్షణ సమితివారి శిబిరము, విశాఖపట్టణము నుండి అరకు పోవు రైలుమార్గమున త్యాడ వద్ద పర్యాటకశాఖవారి కుటీరములు పేరుపడినవి. మాకు అవి దూరము. మేము పోయినది నల్లమలలోని బైర్లూటికి. ఆత్మకూరునుండి దోర్నాల పోవు బాటలో అదొక చెంచుగూడెము. ఉగాదికి కన్నడదేశపు భక్తులు శ్రీశైల మల్లన్న దర్శనమునకై కాలినడకన సాగిపోవు అడవి ఆ ప్రాంతమే. పులుల సంరక్షణకై 1983లో ఏర్పడిన నాగార్జునసాగర్–శ్రీశైలము అభయారణ్యములోనిది. భోజన ఫలహారములును, అడవిలో జీపుమీద త్రిప్పుటయు కలిపియే అచటి రుసుము. తనకల్లునుండి పగలంతయు ప్రయాణము.

మా అత్తగారు ముందు ఇష్టపడలేదు. 'పుణ్యమా, పురుషార్థమా? దేవుడు లేని యూరికి డబ్బు పెట్టి పోవుట యేల?' అనిరి. కదిరి నరసింహస్వామి యిలువేల్పుగా గల యింట ఆ మాటకు సమాధానము దుర్లభము కాదు. నల్లమల చెంచులక్ష్మి పుట్టినిల్లు గదా! అహోబిలమున నరసింహస్వామి వరించినది చెంచుల యాడపడుచునే. స్వామి తమ యల్లుడని చెంచులు నేటికిని చెప్పుకొందురు. ఇలువేల్పు అత్తవారియిల్లు చూడనొల్లని దెవ్వరు? అత్తగారు చీరలు సర్దుకొనిరి.

అచట మధ్యాహ్నము విస్తరి వేసినపుడు ఆమె కూర్చుండలేదు. అలవాటు చొప్పున వడ్డించుటకు గరిటె కొరకు చూచిరి. వంటశాలలోని చెంచువనిత 'కూసో అవ్వా, నేను పెడతా' అని పీట జరిపినది. డెబ్బదియేండ్ల ప్రాయమున, పెండ్లిండ్లలోను తిరునాళ్లలోను తప్ప, పరులు వండిన యన్నము వరుసగా మూడుపూటలు కూర్చుండి తినుట ఆమెకు అదియే మొదలు. సాయంకాలమునకు ఊరక యుండలేక వంటశాల గడపలో కూర్చుండి చిక్కుడుకాయలు ఒలిచిరి. వలదనుటకు మాకు మనసొప్పలేదు. మఱునాడు తెల్లవారుజామున మేము లేచి చూచునప్పటికి ఆమె చెట్టుక్రింద ఒంటిగా కూర్చుండియుండిరి. ఏమి చేయుచున్నా రనిన, 'ఏమియు లేదు' అనిరి. ఆ మాట ఆమె నోట మేమెన్నడును వినియుండలేదు.

పులి కనబడలేదు. కనబడునని ఎవ్వరును నమ్మింపరాదు, నమ్మి పోరాదు. దుప్పులు, నెమళ్లు, కొండముచ్చులు కనబడినవి. జీపు వెంట వచ్చిన చెంచుయువకుడు తడినేలమీది జాడ చూపి, ఎలుగుబంటి ఎటు పోయినదో, ఎంతసే పైనదో చెప్పుచుండగా మా పెద్దవాడు నోరు తెఱచి వినెను. పులుల జాడలు కనిపెట్టుటలో అటవీశాఖకు చెంచులే కుడిభుజము. నల్లమద్దికిని టేకునకును భేద మేమో పిల్లలు బెరడు తాకి తెలిసికొనిరి. ఫోనులకు సంకేతము లందకపోవుటచే మా యింటివారికి తొలిపూట చిరాకు, మలిపూట నిద్ర కలిగినవి.

ఇచట ఒక సోదరి అడుగవచ్చును: మన పొయ్యిని తెచ్చి ఆ చెంచువనిత నెత్తిన పెట్టితిమి గాదా యని. ఈ సంగతి మేమును తలపోసితిమి. ఆమెకు నెలజీతము కలదు; పని సొంత గూడెములోనిది; ఆ యాదాయముతో కూతురిని ఆశ్రమపాఠశాలకు పంపుచున్నది. జీతములేని చాకిరికిని దీనికిని భేదము కలదు. అయినను పదిగంటల రాత్రి తేనీరు కావలెనని ఆమెను లేపు అతిథులను మేము చూచితిమి. వేళకు తిని వేళకు లేచుట మన ధర్మము. ఆమెకును ఒక యిల్లు కలదు. అచట మఱియొక పొయ్యి కలదు. తేనె కొనదలచినవారు గిరిజన సహకార సంస్థవారి విక్రయశాలలో కొనవచ్చును. 1956 నుండి గిరిజనులయొద్ద తేనె మున్నగు అటవీఫలసాయము కొనుచున్న సంస్థ యది.

కాలనిర్ణయము ముఖ్యము. జూలై మొదలు సెప్టెంబరు చివరివరకు పులుల అడవులలోనికి సాధారణముగా సందర్శకులను పోనీయరు. వేసవిలో ఆకు రాలి నేల మండును. దసరా మొదలు సంక్రాంతి వరకే మంచి దినములు. కార్తికమైనచో వనభోజనపు ముచ్చటయు తీరును. గదులు కొద్ది గనుక ముందుగా కోరి యుంచుకొనవలెను. మరుగుదొడ్డి కుటీరములోనే యున్నదా, రాత్రి దీపముండునా యని ఇల్లాలే ఫోను చేసి యడుగవలెను. పురుషులకు ఈ ప్రశ్నలు తోచవు. పిల్లలకు నిండుచేతుల చొక్కాలు, దోమతెర, అలవాటైన మందులు తీసికొని పోవలెను. సాయంకాలము స్నానమున పిడుదులు పట్టినవేమో చెవులవెనుక, మోకాళ్లవెనుక చూడవలెను. పాము కఱచినచో మంత్రము, నాటుమందు అని కాలము పుచ్చక ఆసుపత్రికి పరుగిడవలెను గనుక, దగ్గఱి ఆసుపత్రి యేదో చేరినవెంటనే తెలిసికొనుడు. మూడేండ్లలోపు బిడ్డలతో ఈ ప్రయాణము మాకు సమ్మతము గాదు.

అంతదూరము పోలేని మా సీమవారికి హార్స్‌లీ కొండ చేరువలోనే కలదు. ములకలచెరువు, బి. కొత్తకోట మీదుగా పూట తిరుగకముందే చేరవచ్చును. దాని పూర్వనామము ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన మల్లమ్మ యను బాలిక అచట నుండెడిదని ఐతిహ్యము. కడపజిల్లా కలెక్టరుగా నుండిన హార్స్‌లీ దొర వేసవి విడిదిగా చేసికొనుటచే ఆమె పేరు మఱుగున పడినది. నాలుగువేల అడుగులకు మించిన యెత్తు గనుక వేసవిలోను చల్లగా నుండును. వృద్ధులకు అది సుఖము. తలకోన పోవుదురేని జలపాతమున పిల్లల చేయి విడువరాదు. తడిసిన బండలు నమ్మదగినవి కావు.

రాత్రి బస యక్కఱలేదు, ఒక్క దినము చాలుననువారు తిమ్మమ్మ మఱ్ఱిమానునకు పోవచ్చును. కదిరికి ఇరువదియైదు కిలోమీటర్ల దూరము. ఒక్క చెట్టే దాదాపు అయిదెకరములు కప్పి, అడవివలె నుండును. 1989లో గిన్నిసువారి గ్రంథమున దాని పేరెక్కినది. 1434లో తిమ్మమాంబ సహగమనము చేసినచోట ఆ మాను మొలచినదని చెప్పుదురు. ఆ కథ పిల్లలకు చెప్పు తల్లులు, అట్టి యాచారము 1829లో బెంటింకు దొర కాలమున నిషేధింపబడినదనియు చెప్పవలెనని మా కోరిక. అచటికి పులిహోరయు పెరుగన్నమును తెల్లవారక మునుపే ఇంట కట్టుకొని పోవలెను గదా యని మీరు తలచెదరేమో. మా యింట ఈమారు ఆ పని మా వారును పెద్దవాడును చేసెదమని ఒప్పుకొనిరి. ఉప్పు ఎంత వేయవలెనో కాగితము మీద వ్రాసి యిచ్చితిమి.