చివర్లో పెరిగే ధర

పర్ణశాల చుట్టుపక్కల మన్యం సంతల్లో బేరం ముఖాముఖిగా సాగుతుంది. ఎంత బేరమాడినా చివరికి ఒప్పుకున్న ధరే చెల్లిస్తాం. ఇప్పుడు అదే గోదావరి ఒడ్డున కూర్చుని సెల్‌ఫోన్‌లో వేలం పాట కూడా పాడగలుగుతున్నాం. 300 రూపాయలకు పాట దక్కిందనుకుందాం. డబ్బు కట్టేవేళ హ్యాండ్లింగ్ చార్జీ పేరుతో మరో 80 కలిస్తే? కూలి చేసుకునే ఇంట్లో అది ఒక పూట కూర ఖర్చు.

అట్టపెట్టెకూ, టేపుకూ, పోస్టాఫీసుకు వెళ్లిరావడానికీ ఖర్చవుతుంది. కష్టపడినవాడికి కూలి దక్కాలని ప్రభువే బోధించాడు (లూకా 10:7). కనుక అడగడం తప్పు కాదు, దాచడం తప్పు. కొందరు ధర తగ్గించి చూపి, లాభాన్ని చార్జీల్లో రాబట్టుకుంటూ కమిషన్ ఎగ్గొట్టేవారు. అందుకే ఈబే సంస్థ 2011లో అమెరికాలో ఆ చార్జీలపైనా కమిషన్ విధించింది. మన దేశంలో 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చార్జీలన్నీ కలిపి మొత్తం ధర చూపాలన్నాయి. చార్జీలు దాచి చివర్లో బయటపెట్టడాన్ని 2023 మార్గదర్శకాలు నిషేధించాయి.

అబ్రాహాము పొలం కొన్నప్పుడు 400 తులాల వెండి అన్న మాట అందరూ విన్నారు. అంతే తూచి ఇచ్చాడు (ఆదికాండము 23:16). ఆమోసు గద్దించిన వర్తకులు మాత్రం కొలత తగ్గించి ధర పెంచారు (8:5).

మన సంఘాల్లోనూ ఫోన్‌లో అమ్మే యువకులున్నారు. పాట మొదలవక ముందే చార్జీ ఎంతో చెబుదాం. కొనేవాళ్లమైతే న్యాయమైన కూలిని దోపిడీ అని నిందించకుందాం. ఫోన్ తెర కూడా త్రాసే. దాన్ని దేవుడు చూస్తున్నాడు.