మూత తీయకముందే అడగవలసిన మాట

బెంగుళూరు తెలుగువారి గురించి మాట్లాడేటప్పుడు మనం ఎవరెవరిని లెక్కలోకి తీసుకుంటామో ఒకసారి ఆలోచించండి. తరతరాలుగా కొట్లు పెట్టుకుని నిలదొక్కుకున్నవారు, ఉద్యోగాలకు వచ్చి ఇళ్ళు కట్టుకున్నవారు, నాటకాలాడేవారు, ఉగాదికి పంచాంగ శ్రవణం ఏర్పాటు చేసేవారు. పత్రికలో ఫోటోలు పడేదీ వీరివే. కాని తెల్లవారుజామున వీధి చివర చీపురు చప్పుడు వినిపించినప్పుడు కాస్త కిటికీ తెరచి వినండి. "ఏంమే, కాపీ తాగినావా?" అని వాళ్ళు ఒకరినొకరు పలకరించుకునే మాట అచ్చమైన సీమ తెలుగు. అనంతపురం, చిత్తూరు, కోలారు ప్రాంతాలనుంచి వచ్చి ఈ ఊరి వీధులు ఊడుస్తున్న పౌరకార్మికులలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. మద్రాసులోనూ అంతే. అక్కడ అరుంధతీయులని పిలవబడేవారిలో ఎందరికో తల్లిభాష తెలుగు. మా సంఘం సభ్యత్వ పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిరగేశాను, ఆ కుటుంబాల పేరు ఒక్కటీ కనబడలేదు.

వీధి ఊడవడం ఒక ఎత్తు. ఈ నెల నేను రాయదలచింది అంతకన్నా ఘోరమైనదాన్ని గురించి, మురుగుగుంటలోకి మనిషిని దించడం గురించి. 2017 మార్చిలో ఈ ఊళ్ళోనే సి.వి.రామన్ నగర్‌లో మ్యాన్‌హోలులో ముగ్గురు చనిపోయారు. మరుసటి సంవత్సరం జనవరిలో సోమసుందరపాళ్యలో ఒక అపార్టుమెంటు మురుగుశుద్ధి తొట్టిలో మరి ముగ్గురు పోయారు. ముగ్గురేసి ఎందుకు పోతారో తెలుసా? మురుగు కుళ్ళినచోట హైడ్రోజన్ సల్ఫైడు అనే వాయువు పుడుతుంది. కొంచెమే ఉంటే కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన కొడుతుంది. ఎక్కువైతే ముక్కు ఆ వాసననే పట్టలేదు. వాసన పోయింది గదా, ఫరవాలేదనుకున్నవాడు రెండు గుటకల ఊపిరికే పడిపోతాడు. పైనున్న తమ్ముడో బావమరిదో "అయ్యో" అని తాడైనా లేకుండా దూకుతాడు. వాణ్ణి చూసి మరొకడు. అయినవాళ్ళ కోసం దూకిన పాపానికి ఒక్క పూటలో ఒకే ఇంటినుంచి ఇద్దరి శవాలు లేచిన సందర్భాలున్నాయి.

దీనికి చట్టం లేదా అంటే, ఒకటి కాదు, రెండున్నాయి. మొదటిది 1993లో వచ్చింది, అది పాతరకం మరుగుదొడ్లనూ పాకీపనినీ నిషేధించింది. రెండవది 2013లో వచ్చింది. రక్షణ సరంజామా లేకుండా మురుగుకాలువలోకి గాని సెప్టిక్ ట్యాంకులోకి గాని ఎవరినీ దించగూడదని అందులో ఉన్నది. దించినవారికి మొదటిసారికే రెండేండ్లదాకా ఖైదు, లేదా రెండు లక్షలదాకా జరిమానా, లేదా రెండూ. ఇది మునిసిపాలిటీకీ కాంట్రాక్టరుకూ మాత్రమే వర్తిస్తుందని మనవాళ్ళలో చాలామంది భ్రమ. కాదండీ. "ఏ వ్యక్తి అయినా" అన్నమాటలో ఇంటి యజమానీ వస్తాడు, అపార్టుమెంటు కార్యదర్శీ వస్తాడు.

ఇక లెక్కల సంగతి. ఇరవై యేండ్లుగా ఫైళ్ళ మధ్య బ్రతుకుతున్నవాణ్ణి గనుక ఇది నాకు కాస్త బాగానే అర్థమవుతుంది. 2021 జూలైలో పార్లమెంటులో ఒక ప్రశ్నకు జవాబుగా పాకీపనివల్ల మరణాలేవీ నమోదు కాలేదని చెప్పారు. అబద్ధమా అంటే, కాగితం మీద కాదు. మలాన్ని చేత్తో ఎత్తడం ఒక పద్దు, మురుగుగుంటలో దిగి చావడం మరొక పద్దు. రెండవ పద్దులో వందల పేర్లున్నా, మొదటి పద్దులో సున్నా చూపించవచ్చును. ఏ ఆఫీసులోనైనా పెద్దగుమాస్తాకు ఈ విద్య కరతలామలకం. చచ్చినవాడి పెండ్లానికి మాత్రం రెండు పద్దులూ ఒకటే.

మొన్న మా వీధిలోని ఒక అపార్టుమెంటు కమిటీవారు లెక్కలు రాసిపెట్టమని నన్ను పిలిచారు (గుమాస్తా అన్నవాడికి ఈ ఖర్మ ఆదివారం కూడా తప్పదు). సెప్టిక్ ట్యాంకు నిండిపోయింది. బల్లమీద రెండు కొటేషన్లు ఉన్నాయి. ఒకటి పీల్చే యంత్రమున్న లారీవాడిది. రెండవది తక్కువకు వచ్చింది, అందులో యంత్రం ఊసే లేదు, "ఇద్దరు మనుషులు, బకెట్లు" అని ఉన్నది. తక్కువ ధరకే అందరూ మొగ్గుతున్నారు. "వాళ్ళకు అలవాటేనండీ, తాగి దిగుతారు, ఏమీ కాదు" అన్నారొక పెద్దాయన. ఆయన మంచివారే, ఏకాదశి ఉపవాసాలుంటారు. "పంతులుగారూ, ఆ వాయువుకు అలవాటు పడ్డవాళ్ళెవరూ ఇంటికి తిరిగిరాలేదండీ" అన్నాను. ఖైదు మాట చదివి వినిపించిన తరువాత గదిలో చప్పుడు లేదు. చివరకు లారీయే వచ్చింది. తేడా లెక్కకడితే ఇంటికి రెండు కాఫీల ఖరీదు. దయకు లొంగనివారు కూడా ఖైదు మాటకు లొంగుతారు, అందుకు నాకేమీ విచారం లేదు, పని జరిగింది గదా.

యంత్రాలు లేవన్న సాకు ఇప్పుడు చెల్లదు. హైదరాబాదు జలమండలి 2017లో ఇరుకు సందుల్లోకి కూడా పోగల 70 చిన్న యంత్రపు బళ్ళను దించింది. తిరువనంతపురంలో 2018లో కుర్రవాళ్ళు చేసిన మరమనిషిని మ్యాన్‌హోలులోకి పంపారు. అంతమాత్రాన చావులు ఆగిపోలేదు. అదే హైదరాబాదులో 2021లో సాహెబ్‌నగర్ వద్ద ఇద్దరు మ్యాన్‌హోలులో పోయారు. బండి కొంటే సరిపోదు, ఆ రాత్రి ఆ వీధికి బండి రాకపోతే పని ఆపాలి, మనిషిని దించరాదు. 2025 జనవరి 29న సుప్రీంకోర్టు బెంగుళూరు, మద్రాసు, హైదరాబాదు, బొంబాయి, ఢిల్లీ, కలకత్తా నగరాల్లో మనుషులచేత మురుగుకాలువలు శుభ్రం చేయించడం ఆపమన్నది.

ఈ పోరాటం కోర్టుదాకా వెళ్ళడంలో మనకు దగ్గర సంబంధం ఒకటున్నది. కోలారు బంగారు గనుల కాలనీలో పాకీపని చేసిన కుటుంబంలో 1966లో పుట్టిన బెజవాడ విల్సన్ గారు ఆ పనికి వ్యతిరేకంగానే జీవితం ధారపోశారు. ఆయన స్థాపకులలో ఒకరైన సఫాయి కర్మచారీ ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకెక్కింది. పదకొండేండ్లకు, 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. 1993నుంచి మురుగుగుంటల్లో పోయిన ప్రతివారి కుటుంబానికీ పది లక్షలు ఇమ్మన్నారు. 2023 అక్టోబరు 20న మరొక తీర్పులో దాన్ని ముప్పై లక్షలు చేశారు. 2016లో విల్సన్ గారికి మెగసెసే బహుమానం వచ్చింది. గనుల ఊరు మనకు రెండు గంటల ప్రయాణం. తెలుగు ప్రముఖుల సన్మానాలు ఏటా చేస్తాం గాని, ఆ జాబితాలో ఈ పేరు నేను చూడలేదు.

ముప్పై లక్షలన్న మాట వినడానికి బాగున్నది. అది చేతికందే దారి చూడండి. పోలీసులు కేసు 2013 చట్టం కింద రాయకుండా ఉత్త అజాగ్రత్త అని రాస్తే అక్కడే పీటముడి పడుతుంది. కాంట్రాక్టరు కాలుజారి పడ్డాడంటాడు, అసలు తన మనిషే కాదంటాడు. పని ఇచ్చినట్లు చీటీ ఉండదు, హాజరుపట్టీలో పేరుండదు. అంత్యక్రియలకని ఎంతో కొంత చేతిలోపెట్టి తెల్లకాగితంమీద వేలిముద్ర వేయించుకుంటారు. ఆవిడ మాట్లాడేది తెలుగు, అర్జీ కన్నడంలో ఉండాలి, తీర్పేమో ఇంగ్లీషులో ఉన్నది. ఈ మూడింటి మధ్య నలిగి ఊరుకున్నవారెందరో.

మనం పనికివచ్చేది సరిగ్గా ఇక్కడనే. రెండు భాషలలోనూ అర్జీ రాయగలవారు మనలో కోకొల్లలు, పింఛను పుచ్చుకుని ఖాళీగా ఉన్నవారూ ఉన్నారు. సంఘం హాలు ఆదివారం పొద్దుట తాళం వేసే ఉంటుంది. కార్యదర్శిగారిని అడిగాను, పది గంటలనుంచి ఒంటిగంటదాకా ఒక బల్ల, నాలుగు కుర్చీలు ఇస్తామన్నారు. చావులకే రానక్కరలేదు. పని చీటీ, ప్రావిడెంటు ఫండు, పిల్లల కులధ్రువపత్రం, ఏ కాగితమైనా తేవచ్చును. మన వీధుల్లో ఊడ్చేవారికి ఈ సంగతి చెప్పే పని సభ్యులది. అట్లాగే ప్రతివారూ తమ అపార్టుమెంటు ఖర్చుల పుస్తకంలో ట్యాంకు శుభ్రం చేయించిన పద్దు తీసి, లారీ వచ్చిందా, మనుషులు వచ్చారా అని చూడవలసిందని కోరుతున్నాను. మనిషి దిగబోతున్నాడని తెలిస్తే మూత తీయకముందే ఆపండి. 2020లో ఇందుకోసం ప్రకటించిన టెలిఫోను నంబరు 14420.

బల్లదగ్గర ప్రస్తుతానికి నేనొక్కణ్ణే. కన్నడం, తెలుగు రెండూ రాయగలవారు ఇంకా ముగ్గురు కావాలి. కాగితాలు, పెన్నులు నేనే తెస్తాను.