మలుపులో చూపు

తొలి చాలు తిన్నగా రావలెనన్న దున్నువాడు నాగటి కర్రు వంక చూడడు. అవ్వలి గట్టుమీది చెట్టునో, పాతిన కర్రనో గురి చేసికొని, దానిమీదనే చూపు నిలిపి నడచును. కర్రును చూచుచు దున్నిన చాలు మెలికలు పోవునని ప్రతి రైతునకును తెలిసినదే. ఈ తెలివిని మనము పొలములోనే విడిచి రోడ్డెక్కుచున్నాము. మోటారుసైకిలుమీదను, ట్రాక్టరుమీదను మలుపు తిరుగునపుడు మనవారిలో ననేకులు ముందుచక్రమున కెదుట రెండు మూడు బారల దూరమునే చూచుచుందురు. ఇది మానవలసిన యలవాటని నా యభిప్రాయము.

ఎడ్లబండి మనిషి నడకతో సాగును. తోలువాడు కునుకు తీసినను ఎడ్లు దారి చూచుకొనును. యంత్రమునకు కన్నులు లేవు. గంటకు 36 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో 10 మీటర్లు పోవును. అడ్డము కనబడి, కాలు బ్రేకుమీద పడులోపలనే ఆ దూరము గడచిపోవును. బండి నిలుచుట అటుపిమ్మటి మాట. కావుననే గంటకు 30 కిలోమీటర్ల వేగమునకు 30 మీటర్లు, 50 కిలోమీటర్ల వేగమునకు 60 మీటర్లు రోడ్డు కనబడుచుండవలెనని ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారు ప్రమాణము నేర్పరచిరి. వేగము రెట్టింపైనచో మలుపులో బండిని నిలబెట్టుటకు వలయు పట్టు నాలుగు రెట్లగును.

మరి చూపు ఎచ్చట నుండవలెను? మలుపులో రోడ్డు అంచులు రెండును దూరమున నొకచోట కలిసినట్లు కనబడును. ఆ చోటే గురి. మనము సాగుకొలది అదియును ముందుకు జరుగుచున్నచో మలుపు విప్పుకొనుచున్నదని యర్థము. అది మనకు దగ్గరగుచున్నచో మలుపు బిగియుచున్నది. వెంటనే వేగము తగ్గింపవలెను. మలుపులో ప్రవేశింపకముందే తగ్గించుట మరియు మేలు. గుంతలకొరకు చూపును నడుమనడుమ దగ్గరకు తెచ్చినను, మరల దూరమునకే పంపవలెను. కనబడునంత రోడ్డులో నిలుపగల వేగమే తగిన వేగము. ఇరుకుదారిలో ఎదుటివాడును వచ్చుచుండును గనుక, అందు సగములోనే నిలుపగలిగి యుండవలెను.

ట్రాక్టరు తోలువారు రోడ్డెక్కకముందే రెండు బ్రేకు పెడళ్లను గొళ్లెముతో కలుపవలెను. ఒక్క ప్రక్క బ్రేకు మాత్రమే పడిన ట్రాక్టరు ఆ వైపునకు గిరుక్కున తిరిగి బోల్తాపడవచ్చును. బస్తాలు నింపిన ట్రైలరు వెనుకనుండి త్రోయును గనుక, మలుపు నడుమ గట్టిగా బ్రేకు వేయవలసిన యవసరమే రాకుండ చూచుకొనవలెను. కృష్ణా గోదావరి డెల్టాలలోని కాలువగట్ల దారులలో నిది ప్రాణావసరము; అచ్చట దారి కాలువతోపాటు వంపులు తిరుగును, ప్రక్కనే నీరు.

అయితే తోలువాడెంత దూరము చూడనెంచినను, దారి కనబడనిచ్చుట మనచేతిలో నున్నది. మలుపు లోపలివైపున పెరిగిన తుమ్మకంప యెవరిది? రోడ్డంచు దాక వేసిన మొక్కజొన్న యెవరిది? అచ్చటి గడ్డివామి యెవరిది? మనదే. మలుపులో ధాన్యమారబోసి చుట్టును రాళ్లు పేర్చుట మరియు ఘోరము. చీకటిలో ఆ రాయి తగిలి పడువాడు మన యూరి పిల్లవాడే కావచ్చును.

కళ్లము లేని రైతు ధాన్యమెచ్చట నారబోయుననుట న్యాయమైన ప్రశ్నయే. అందుకు ఉమ్మడి కళ్లమే తగిన జవాబు; అట్టి పనికే గదా సహకార సంఘమున్నది. అది యేర్పడువరకు మలుపులనైనను విడిచిపెట్టవలెను. కోతలు మొదలగులోపల ప్రతి గ్రామ సంఘమువారును తమ యెల్లలోని గ్రుడ్డి మలుపులను లెక్కవ్రాసి, ఒకనాడు కత్తులు గొడ్డళ్లతో కదలి కంప నరికించినచో, ఖర్చు స్వల్పము. ఈ నెల సమావేశములోనే దీనిని తీర్మానింపుడు.