రోడ్డు మీద రోడ్డు వేయనివ్వకండి

వీధివాసులకు మనవి.

ఇంటికి మరమ్మతు మొదలుపెట్టగానే అందరి కళ్లూ గోడ మీదే పడతాయి. మోకాలెత్తు దాకా రంగు పొంగి ఉంటుంది. వేలితో తడితే పుట్టీ పెచ్చులుగా రాలుతుంది, వెనక తెల్లగా ఉప్పు. మేస్త్రీ గీకి, రెండు కోట్ల పుట్టీ పట్టించి, ఖరీదైన రంగు వేస్తాడు. వానాకాలం రాగానే చెమ్మ మళ్లీ అక్కడే! మేస్త్రీని తిట్టి లాభం లేదు. ఒకసారి గుమ్మం దిగి రోడ్డు వైపు చూడండి.

గోడ లేపేముందు పునాది మీద ఒకటిన్నర అంగుళం మందాన కాంక్రీటు పట్టీ పోసి, తారు పూస్తారు. దాన్నే డీపీసీ అంటారు. నేల చెమ్మ ఇటుకల్లోకి ఎక్కకుండా ఆపేది అదే. అది బయటి నేలకన్నా కనీసం అరడుగు ఎత్తున ఉండాలి. పాత సిమెంటు రోడ్డు మీదే కొత్తది పోస్తే ఒక్క విడతకే ఆ అరడుగు చెల్లిపోతుంది. రెండో విడతకు పట్టీ రోడ్డు కిందికి పోతుంది. ఆపైన వాననీరు, మురుగు నేరుగా ఇటుకకే తగులుతాయి. డెల్టా ఊళ్లలో భూగర్భజలం అసలే పైపైన ఉంటుంది కాబట్టి ఇక అడగక్కర్లేదు.

"ఇల్లు జాకీలతో లేపించుకోండి" అని సలహా ఇచ్చేవారున్నారు. ఆ లక్షలు వారిస్తారా?

పాత పొర తీశాకే కొత్త రోడ్డు వేయాలని తమిళనాడు ప్రభుత్వం 2021లోనే ఆదేశించింది. మనమూ అదే అడుగుదాం. తవ్వకం ఖర్చు ఎస్టిమేట్‌లోనే చేర్చాలి, పని మొదలయ్యేముందు రోడ్డు మట్టం గోడల మీద గుర్తు పెట్టాలి. తవ్వితే ఖర్చు పెరుగుతుందంటారు, నిజమే. తవ్వకపోతే అంతకంటే ఎక్కువ ఇంటింటా పుట్టీకి పోస్తున్నాం.

ఇప్పటికే చెమ్మెక్కిన గోడకు టైల్స్ అంటించి దాచకండి, తడి ఇంకా పైకి పాకుతుంది. చెమ్మ గీతకు అడుగు పైదాకా ప్లాస్టరింగ్ ఊడగొట్టించి, ఎండాకాలమంతా ఆరనివ్వండి. ఉప్పును కడగకుండా పొడి బ్రష్షుతో దులపండి. పాత సున్నపు గోడలకు సిమెంటు వద్దు, సున్నమే పట్టించండి.

ఈ ఆదివారం మీ గడప రోడ్డుకు ఎంత ఎత్తున, లేదా ఎంత దిగువన ఉందో టేపుతో కొలిచి, ఇంటి నంబరుతో రాసి తీసుకురండి. అందరి కొలతలూ ఒకే అర్జీకి జతచేసి స్థానిక సచివాలయంలో ఇద్దాం.

ఇట్లు,
మీ తోటి వీధివాసులు