పిడికెడు బియ్యం, ఫోన్‌పే కానుక



ఈ మధ్య మా పాస్టరేట్ కమిటీలో ఒక మాట వచ్చింది. "అయ్యగారూ, పిడికెడు బియ్యం ఎత్తుడు ఇక ఆపేద్దామండి. నెలంతా పోగుచేస్తే వచ్చేదెంత? పురుగు పడుతున్నది, బస్తా మోసే మనిషి లేడు. ఇంటికింత అని ఫోన్‌పేలో వేయించుకుంటే లెక్క కూడా తేటగా ఉంటది." ఆ మాట అన్నవారు సంఘాన్ని ప్రేమించేవారే. డబ్బు లెక్క చూస్తే వారిదే నిజం. అయినా నేను ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో రాస్తున్నాను.

పట్నంలో పుట్టిన పిల్లలకు ఈ ఆచారం తెలియకపోవచ్చు. పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం కొలిచేటప్పుడు ఇంటి తల్లి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. అది దేవుని వంతు. ఆదివారం దాన్ని గుడికి తెచ్చి బల్ల ముందు పోస్తుంది. డోర్నకల్ ప్రాంతపు సంఘాలు ఇలాంటి కానుకల మీదే నిలబడ్డాయి. తిరునల్వేలి ప్రాంతం నుండి మిషనరీగా వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు ఇచ్చే అలవాటును గట్టిగా బోధించారు. ఆయన కాలంలో గుంపులుగా సంఘంలో చేరినవారు ఎక్కువగా మాల, మాదిగ కూలీలు. కూలి గింజల్లో వచ్చేది, చేతిలో పైసా ఆడేది కాదు. వీళ్ళు బీదలు, సీమ నుండి డబ్బు వస్తుందిలే అని ఆయన వదిలేయవచ్చు. వదల్లేదు. బీదవాడి దగ్గర కూడా దేవునికి ఇవ్వదగినది ఉందని నమ్మారు. 1939లో ప్రతిష్ఠించిన మా ఎపిఫనీ కెథడ్రల్‌ను చూడడానికి వచ్చేవారు గుమ్మటాలను, మినార్లను ఫోటో తీసుకుని వెళ్తారు. వంటింట్లో మూలనున్న ఆ కుండను ఎవరు తీస్తారు?

ఇప్పుడు కాలం మారింది. జొన్న చేలు పోయి పత్తి, మిర్చి వచ్చాయి. మిర్చి బస్తాలు కల్లం నుండి నేరుగా ఖమ్మానికో, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కో పోతాయి. కోత పండుగనాడు బలిపీఠం ముందు పెట్టడానికి చాలా ఇళ్ళలో నోటు తప్ప పంట లేదు. పిల్లలు సికింద్రాబాద్ రైలెక్కారు.

దీనికి నేను ఏడవను. పల్లె చెడిపోయిందని ప్రసంగాల్లో కన్నీళ్ళు పెట్టుకోవడం నాకు చేతకాదు. మా డోర్నకల్ రైలు జంక్షనే, సింగరేణి బొగ్గు మోసిన పట్టాల పక్కన పెరిగిన ఊరే. పైగా పల్లె మన తాతలకు అంత చల్లని తల్లేమీ కాదు. ఏ బావిలో నీళ్ళు తోడాలో, దొర గడి ముందు చెప్పులు ఎక్కడ విడవాలో చెప్పిన పల్లె అది. వెట్టి చేసినవాళ్ళ మనుమడు ఇవాళ ఉప్పల్‌లో జీతం తీసుకుని తల ఎత్తుకుని నడుస్తున్నాడంటే దేవునికి స్తోత్రం. (అద్దె ఇల్లు వెతికేటప్పుడు అక్కడా కులం అడుగుతారనుకోండి, అది ఇంకో రోజు రాస్తాను.)

నన్ను కలవరపెడుతున్నది ఇచ్చే చేయి మారిపోవడం. పట్నం నుండి డబ్బు వస్తుంది. టైల్స్ వస్తాయి, మైక్ సెట్ వస్తుంది, గ్రానైట్ పలక మీద పేరు వస్తుంది. నలభై ఏళ్ళు తన పిడికిలితో సంఘాన్ని సాకిన ముసలమ్మ మాత్రం క్రిస్మస్‌కు చీర పంచవలసినవారి జాబితాలో ఒక పేరైంది. ఆమెకు ఫోన్ లేదు. "మీ అబ్బాయి నీ వంతు వేస్తాడమ్మా" అని ఒక తల్లికి చెప్పి చూశాను. "వాడిస్తే వాడిదైతది అయ్యగారూ. నేను ఉత్త చేతులతోని గుడికెట్ల రావాలె?" అన్నది. నా సెమినరీ పుస్తకాల్లో ఈ ప్రశ్నకు జవాబు వెతకవలసిన పని లేదు, బైబిల్లోనే ఉంది.

1 రాజులు 17వ అధ్యాయం తీయండి. సారెపతులో విధవరాలి తొట్టిలో మిగిలింది పట్టెడు పిండి. అది వండుకుని తిని, కొడుకుతో కలిసి చావాలనుకున్నది. ఏలీయా ఆమెకు సాయం పంపించే కమిటీ వేయలేదు. ముందు నాకొక చిన్న రొట్టె చేసి తెమ్మన్నాడు. పైకి చూస్తే ఎంత నిర్దయ! కానీ ఆ ఒక్క మాటతో చావుకు సిద్ధమైన స్త్రీ ప్రవక్తను పోషించే మనిషి అయింది. చాలా రోజులు ఆ ఇంట్లో ఆయన అతిథి, ఆమె యజమానురాలు.

ఫోన్‌పే ఉండనివ్వండి. దూరాన ఉన్నవారికి అదే దారి. బియ్యం కూడా ఉండాలి. పురుగు పడుతుందంటే నెలకొకసారి కాక వారం వారం ఎత్తుదాం. షావుకారికి అమ్మకుండా, సంఘంలో మరణం జరిగిన ఇంటికి ఆ పూట అన్నం ఆ బియ్యంతోనే వండుదాం. మోసే మనిషి లేడంటే ఆదివారపు బడి పిల్లలున్నారు.

హైదరాబాద్‌లో ఉన్న మా బిడ్డలకు ఒక మనవి. ఈసారి కోత పండుగకు డబ్బు పంపి ఊరుకోకండి, పిల్లలను తీసుకుని రండి. ఆరాధన తర్వాత వేలం ఉంటుంది. పెరట్లో కాసిన సొరకాయ, నాలుగు గుడ్లు, ఒక కోడిపుంజు, అవ్వలు తెచ్చినవే. మీ జీతం కొద్దీ ధర పెంచండి. సొరకాయ ఐదు వందలకు పోయినప్పుడు దాన్ని తెచ్చిన అవ్వ ముఖం మీ పిల్లలకు చూపించండి. కాయను ఆమె చేతి నుండే తీసుకోండి.