నాలుగో స్థానం విలువ

న్యూఢిల్లీ: మన దేశ ప్రజలు తరాలు మారినా మరువని పరుగు పందాలు రెండున్నవి. మొదటిది 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో మిల్ఖాసింగ్ పరుగెత్తిన 400 మీటర్ల పందెం. రెండవది 1984లో లాస్ ఏంజిలిస్‌లో పి.టి. ఉష పరుగెత్తిన 400 మీటర్ల హర్డిల్స్. విశేషమేమంటే ఆ రెండింటిలోనూ మనవారికి దక్కినది నాలుగో స్థానమే. ఉషకు కాంస్యం తప్పిపోయినది సెకనులో నూరవ వంతు తేడాతో. పతకం రాలేదని ప్రజలు బాధపడ్డారే తప్ప వారి అభిమానం తరగలేదు. ఆ పరుగును వారు నమ్మారు. ఆ నమ్మకమే ఓటమిని కూడా గౌరవంగా నిలబెట్టినది.

ఇప్పుడు దీనికి విరుద్ధమైన మరొక జ్ఞాపకం. 2010 అక్టోబరులో ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో కామన్వెల్త్ క్రీడల 4×400 మీటర్ల రిలేలో మన మహిళలు స్వర్ణం గెలిచారు. మరుసటి నెలలోనే గ్వాంగ్జౌ ఆసియా క్రీడలలోనూ స్వర్ణం తెచ్చారు. ఏడాది తిరగకముందే, 2011లో జరిపిన పరీక్షలలో ఆ నలుగురిలో ముగ్గురు నిషిద్ధ ఉత్ప్రేరకాలు వాడినట్లు తేలినది. తాము తీసుకొన్న పోషకాహారంలోనే అవి కలిసి ఉన్నవని వారు వాదించారు. మొదట ఏడాది నిషేధం విధించగా, అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం 2012లో దానిని రెండేళ్లకు పెంచినది. పరీక్షలు 2011 నాటివి గనుక 2010 పతకాలు వారి వద్దనే ఉన్నవి. కాని నేడు వాటిని తలచుకొనేవారి గొంతులో ఒక తడబాటు వినిపిస్తుంది. నాలుగో స్థానాన్ని గర్వంగా చెప్పుకొనే దేశం, స్వర్ణాన్ని గొంతు తగ్గించి చెప్పుకొనవలసి వచ్చినది.

అదే స్టేడియం 2023 సెప్టెంబరులో మరొక దృశ్యాన్ని చూచినది. ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలు జరుగుతున్నవి. స్నానాల గదిలో వాడి పారవేసిన సిరంజిలు కనిపించినవన్న వార్త పొక్కినది. చివరి రోజున జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ, అంటే నాడా అధికారులు మైదానానికి వచ్చారు. వారు వచ్చినారని తెలియగానే క్రీడాకారులు ఒక్కొక్కరుగా మాయమయ్యారు. పురుషుల 100 మీటర్ల ఫైనల్‌లో పరుగెత్తినది ఒకే ఒక్కడు. స్టీపుల్‌చేజ్‌లో ఒక జూనియర్ బాలిక ముగింపు గీత దాటిన తరువాత కూడా ఆగక, అధికారికి చిక్కకుండా పరుగెత్తినదని పత్రికలు వ్రాసినవి. నవ్వు తెప్పించే ఈ సంగతి నిజానికి నవ్వవలసినది కాదు. ఆ వయసు పిల్ల పరీక్షను చూచి ఎందుకు పారిపోవలసి వచ్చినది?

లెక్కలు చూడండి. 2023లో మన దేశంలో 5,606 నమూనాలు పరీక్షించగా 214 దోషయుక్తమని తేలినవి. అంటే నూటికి 3.8. మరుసటి సంవత్సరం 7,113 నమూనాలలో 260. పరీక్షలు పెంచినందువల్లనే దొరికేవారి సంఖ్య పెరిగినదని ప్రభుత్వ వర్గాలు సమాధానం చెబుతున్నవి. అందులో కొంత నిజమున్నది. వెదకనివానికి దొంగ దొరకడు. కాని 2023లో 28 వేలకు పైగా నమూనాలు పరీక్షించిన చైనాలో దోషం తేలినవి వేయింటికి రెండు మాత్రమే. పరీక్షల సంఖ్య ఈ తేడాను వివరించజాలదు.

మరి వివరించేదేమిటి? మన దేశంలో పతకం వట్టి లోహపు ముక్క కాదు. రైల్వేలలో, పోలీసు శాఖలో, సైన్యంలో అది ఒక ఉద్యోగం. ఒక పేద కుటుంబానికి నెలనెలా వచ్చే జీతం. రాష్ట్రస్థాయి, జాతీయస్థాయి పోటీలలో ఒక్క సెకను తగ్గితే ఇంటి దరిద్రం తీరుతుంది. పందెం ఇంత పెద్దదైనప్పుడు, నిఘా ఇంత పలుచనైనప్పుడు, సూది అమ్మేవానికి గిరాకీ దొరకక పోదు. తప్పు చేసినవారిని ఇందువల్ల క్షమించమని చెప్పడం కాదు. ప్రలోభాన్ని సృష్టించినది మన ఉద్యోగ విధానమే గనుక, దాని బాధ్యత కూడా ప్రభుత్వానిదేనని చెప్పడం.

ఆ సూది మిగిల్చే హాని నిషేధ కాలంతో ముగియదు. కండలు పెంచే స్టెరాయిడ్లు గుండెను, కాలేయాన్ని దెబ్బతీస్తవి. ఎదిగే వయసులో వాడితే ఎముకల పెరుగుదల ముందే నిలిచిపోవచ్చును. ఆడపిల్లలలో గొంతు బొంగురుపడితే, మందు మానినా అది మునుపటిలా కాకపోవచ్చును. నాలుగేళ్ల నిషేధమంటే పరుగెత్తేవారికి దాదాపు జీవితకాలమే.

హాని వాడినవారితోనూ ఆగదు. శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం పొందిన తొలి భారత మహిళ అయినది. ఆమె తెరచిన తలుపులోనుంచి ఎందరో పిల్లలు రావలసి ఉన్నది. కాని 2004లో ఏథెన్స్‌లో ఇద్దరు మన లిఫ్టర్లు పరీక్షలో పట్టుబడ్డారు. 2006లో మెల్‌బోర్న్ కామన్వెల్త్ క్రీడలలో మరికొందరు దొరికిన పిమ్మట నిషేధం మన సమాఖ్య మీదనే పడినది. 2009లో మళ్లీ అదే కథ. 2010 ఢిల్లీ క్రీడలలో పాల్గొనడానికి ఐదు లక్షల డాలర్ల జరిమానా కట్టవలసి వచ్చినది. ఆ తరువాతి ఒలింపిక్ పతకం మీరాబాయి చాను టోక్యోలో సాధించేసరికి 2021 వచ్చినది. ఈ ఇరవై ఒక్క సంవత్సరాల ఎడమునకు డోపింగ్ ఒక్కటే కారణమని అనలేము. కాని సమాఖ్యకు తలుపు మూసినప్పుడు, నిజాయితీగా బరువులెత్తిన పిల్లలకు కూడా మూసినట్లే గదా!

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. 2022లో పార్లమెంటు డోపింగ్ నిరోధక చట్టం చేసి నాడాకు సోదా అధికారాలిచ్చినది. సంస్థ స్వతంత్రత విషయమై అంతర్జాతీయ సంస్థ వాడా అభ్యంతరం చెప్పగా 2025లో దానిని సవరించినది. అంతకుముందు ఢిల్లీలోని జాతీయ పరీక్షా ప్రయోగశాల గుర్తింపు 2019 ఆగస్టులో నిలిచిపోయి, 2021 డిసెంబరులో గాని తిరిగి రాలేదు. అంతకాలమూ నమూనాలు విదేశాలకు పంపవలసి వచ్చినది. వ్యవస్థ నిలదొక్కుకొంటున్నదనుకొన్నా, దాని చూపు ఇంకా క్రీడాకారుని మూత్రపు సీసా మీదనే ఉన్నది. ఆ సీసా వెనుక నిలిచిన శిక్షకుడు, వైద్యుడు, మందుల వ్యాపారి చాలా సందర్భాలలో నీడలోనే మిగిలిపోతున్నారు.

చేయవలసినవి దుర్లభమైనవేమీ కావు. ఉద్యోగానికి లెక్కించే ప్రతి పతకమూ పరీక్ష ఫలితం వచ్చిన తరువాతనే చెల్లుబాటు కావాలి. ఒకే శిక్షకుని వద్ద పలువురు పట్టుబడితే విచారణ అతనితో మొదలుకావాలి. జిల్లా, జూనియర్ పోటీలకు కూడా పరీక్షకులు వెళ్లాలి. నిషిద్ధ మందుల వివరాలు ఆ పిల్లలకు వచ్చిన భాషలలో వారి చేతికి అందాలి.

2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు దక్కినవి. 2036 ఒలింపిక్స్ కావాలని కూడా మనం అడుగుతున్నాము. స్టేడియాలు కట్టడానికి డబ్బు దొరుకుతుంది, కాంట్రాక్టర్లు దొరుకుతారు. కాని ఏ మందూ ముట్టక తెల్లవారుజామున సాధన చేసే పల్లెటూరి పిల్ల రేపు ఆ మైదానంలో గెలిస్తే, గ్యాలరీలోనివారు చప్పట్లు కొట్టేముందు ఒకరి మొహం ఒకరు చూచుకొంటారా? ఆమె చేయని తప్పుకు ఆమెకు పడే శిక్ష అది. ఆ శిక్ష నుంచి ఆమెను తప్పించడం మైదానాలు కట్టడం కన్నా ముందు జరుగవలసిన పని.