గుర్తింపు ఎవరికి? మైదానం ఎవరిది?

క్రీడా అకాడమీలకు నాణ్యత గుర్తింపు ఇచ్చే పద్ధతి దేశంలో బలపడుతోంది. ఖేలో ఇండియాకు ఎంపికైన క్రీడాకారులకు గుర్తింపు పొందిన అకాడమీల్లో శిక్షణ, నెలకు 10,000 రూపాయల భత్యం అందుతాయి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అకాడమీలకు స్టార్ రేటింగులిస్తోంది. గుర్తింపంటే గోడకు తగిలించుకునే సర్టిఫికెట్ కాదు. డబ్బుకూ పోటీలకూ అదే దారి.

ఆ దారి మన వాడల దాకా వస్తుందా? కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో దళిత పిల్లల్ని ఆటకు పోగేసేవి అంబేద్కర్ యువజన సంఘాలే. చందాలేసుకుని కబడ్డీ, వాలీబాల్ పోటీలు పెడతాయి. వాటిలో చాలావాటికి సొంత మైదానం లేదు, లైసెన్సున్న కోచ్ లేడు, ఆడిట్ లెక్కలు లేవు. ఉట్నూరు ఏజెన్సీ గూడేలలోనూ ఇదే పరిస్థితి. వీటితోనే నాణ్యతను కొలిస్తే, తరతరాలుగా భూమి దక్కనివాళ్లు ఆ కారణంగానే మరోసారి బయట ఉండిపోతారు.

ప్రమాణాలే వద్దని మేం అనడం లేదు. లైంగిక వేధింపులపై మహిళా రెజ్లర్లు 2023లో జంతర్ మంతర్ దగ్గర బైఠాయించాల్సి వచ్చింది. పిల్లల భద్రతకు కచ్చితమైన నియమాలుండాలి. మా ప్రశ్న కొలతబద్ద గురించే. ఇంగ్లండ్‌లో 2002లో మొదలైన క్లబ్‌మార్క్ శిక్షణతోపాటు పిల్లల రక్షణను, సమానత్వాన్ని, చుట్టూ ఉన్న సమాజంతో క్లబ్బుకున్న సంబంధాన్నీ చూసింది. ఇక్కడ ఆ ప్రశ్న కులం గురించి అడగాలి.

ప్రతిభ ఉంటే చాలనేవాళ్లు పల్వంకర్ బాలూను గుర్తు చేసుకోవాలి. 1911లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టులో మేటి బౌలర్ ఆయనే. అయినా దళితుడు కావడంతో హిందూ జట్టు కెప్టెన్సీ దక్కలేదు.

అందుకే మూడు అడుగుతున్నాం. గుర్తింపు పొందే ప్రతి క్లబ్బూ ఎస్సీ, ఎస్టీ పిల్లలు, ఆడపిల్లలు ఎందరున్నారో బయటపెట్టాలి. 2022లో మొదలుపెట్టిన తెలంగాణ క్రీడా ప్రాంగణాలను వాడ సంఘాలకు హక్కుగా తెరవాలి. కోచ్ లైసెన్సు ఫీజు, రిజిస్ట్రేషన్ ఖర్చు 2017 నాటి ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద ప్రభుత్వమే భరించాలి.

కరీంనగర్ స్టేడియానికి అంబేద్కర్ పేరుంది. ఆయన పేరుతో నడిచే యువజన సంఘాలకు ఆ స్టేడియంలో చోటెంతో కూడా లెక్క తీయాలి.